నాలుగు వాటాల తల

మెల్లక్కకు పళ్ళకంటే ముందు భయం వచ్చిందని ఆమె తల్లి నలుగురిలో చెప్పేది. పళ్ళలో రెండు ఈమధ్య ఊడాయి గానీ, భయం మాత్రం చెక్కుచెదరలేదు. పార్లర్‌కు తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తుంది. అన్నిసార్లు లాగడం వల్ల తాళం వదులై ఉంటుందేమోనని నాలుగోసారి లాగుతుంది. ఆమె అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు. చిక్కు తీసేటప్పుడు తలకు తెలియనంత మెల్లగా చెయ్యి నడుస్తుంది కనుక, తల అప్పగించిన ఆడవాళ్ళే ఆ పేరు పెట్టారు. ఆ మెల్లదనం వెనక ఉన్నది నైపుణ్యమని అందరూ అనుకుంటారు. అది భయమని ఆమె ఒక్కతెకే తెలుసు.

ఆ భయానికి ఒక మూలపురుషుడు, కాదు, మూలస్త్రీ ఉంది. పంతొమ్మిదో ఏట మెల్లక్క వేరొకరి పార్లర్లో పని నేర్చుకుంటూ, ఒకావిడ తలకు జుట్టు సాపుచేసే మందు పట్టించింది. ఉంచమన్నదానికంటే పది నిమిషాలు ఎక్కువ ఉంచింది. కడిగి తువ్వాలుతో ఒత్తితే, తువ్వాలుతోపాటు జానెడు జుట్టు కూడా చేతిలోకి వచ్చింది. ఆవిడ అరవలేదు, తిట్టలేదు. అద్దంలోకి చూసి, "అయిపోయిందా?" అని మాత్రం అడిగింది. తిట్టి ఉంటే మెల్లక్క ఏడాదిలో మరిచిపోయేది. ఆ మాట పాతికేళ్ళుగా చెవిలో ఉంది.

సొంత పార్లర్ పెట్టిన రోజున ఆమె తనకు తాను ఒక రాజ్యాంగం రాసుకుంది. అందులో ఉన్నది ఒకటే అధికరణం: ముందు తన తల మీద పెట్టుకోనిది ఎవరి తల మీదా పెట్టరాదు. దాన్ని అక్షరాలా పాటించింది. రంగులు వచ్చిన కొత్తలో పది రోజులు ఆకుపచ్చ జుట్టుతో తిరిగింది. కనుబొమలు తీర్చే కొత్త మైనం వచ్చినప్పుడు మూడు నెలలు ఒకటిన్నర కనుబొమతో కాపురం చేసింది. ఆమె భర్త ఫ్యాన్లు బాగుచేస్తాడు. పొద్దున లేవగానే భార్య ముఖం చూసి, "ఇవాళ ఏం మిగిలింది?" అని అడగడం ఆయనకు అలవాటైపోయింది.

అటువంటి పార్లర్లోకి హెయిర్ ఎక్స్‌టెన్షన్లు వచ్చిపడ్డాయి. పడేసింది గ్రంథాలయం మేడమ్.

ఆవిడ పన్నెండేళ్ళుగా మెల్లక్క దగ్గరే జుట్టు కత్తిరించుకుంటోంది. కిందటేడు పెద్ద జ్వరం పడి లేచాక, బారెడు జడ కాస్తా జానెడు తోకైంది. కుర్చీలో కూర్చుని తువ్వాలు కప్పించుకుంటూ మామూలుగానే చెప్పింది.

"మొన్న ఆఫీసులో ఫొటో తీశారమ్మా. వెనక వరసలో ఈ ముసలావిడ ఎవరా అని వెతికాను. తీరా చూస్తే నేనే. అతుకు జుట్టు పెడతారట కదా, ఎదురుగా కొత్తగా పార్లర్ పెట్టినవాళ్ళు రమ్మంటున్నారు. నా తల నీకు తెలుసు గనక నిన్ను అడుగుతున్నాను. నువ్వు ఏది పెడితే అదే."

నువ్వు ఏది పెడితే అదే. ఇంతకంటే భయంకరమైన వాక్యం మనిషి మరో మనిషితో చెప్పడానికి లేదు. మెల్లక్క రెండు నెలలు గడువు అడిగింది.

రెండో కుర్చీ ఆమె ఆడపడుచుది. ఆ పిల్లను ఇంట్లోనూ పార్లర్లోనూ తొందర అనే పిలుస్తారు. ఇద్దరు పిల్లల తల్లి, నెత్తి మీద పెద్ద క్లిప్పుతో బిగించిన కొప్పు, నోట్లో పిన్నులు, పిన్నుల మధ్యనుంచి మాటలు.

"ఏం నెలలు వదినా? నువ్వు భయపడడం పూర్తయ్యేలోపు ఎదుటివాళ్ళు ఊరంతా జడలు వేసేస్తారు. టేపు, జిగురు, పూసలు, కుట్టు. ఉన్నవి నాలుగు. నాలుగూ బోర్డు మీద రాయించు."

"నా తల మీద పెట్టకుండానా?"

"ఒక్కోటి నెలన్నర ఉంచి చూస్తే నాలుగింటికీ ఆర్నెల్లు. అప్పటికి ఆ మేడమ్‌కి అతికించడానికి తల మీద ఏం మిగుల్తుందని?"

మాటలో న్యాయం ఉంది. అయితే రాజ్యాంగం రాజ్యాంగమే. చివరికి సెలవు దినమైన సోమవారం మధ్యాహ్నం, లోకంలో మరే పార్లర్లోనూ చెయ్యని పని ఆ పార్లర్లో జరిగింది. మెల్లక్క తలను పాపిట వెంబడి నిలువునా, చెవినుంచి చెవికి అడ్డంగా, నాలుగు వాటాలు వేశారు. ముందు ఎడమకు టేపు, ముందు కుడికి వేడి జిగురు, వెనక ఎడమకు జుట్టు దూర్చి నొక్కే సన్నటి లోహపు పూసలు, వెనక కుడికి బిగుతుగా అల్లి సూదితో కుట్టే జడ. అయిదు గంటలు పట్టింది. సామాను అమ్మే ఆవిడ ఫోన్లో ఈ సంగతి విని, "నాలుగూ ఒకే తలకా అండీ?" అని మాత్రం అంది.

భర్త సాయంత్రం చూసి, "ఇది తలా, నాలుగు రోడ్ల కూడలా?" అన్నాడు.

ఆ నెలన్నర మెల్లక్క బతుకు అరచేతిలో ప్రాణాలు పెట్టుకున్న బతుకే. కుట్టు ఉన్న వైపు పడుకుంటే తలలో ఎవరో నాట్లు వేస్తున్నట్టుండేది. పూసల వైపు తిరిగితే గులకరాళ్ళ మీద పడుకున్నట్టుండేది. వెల్లకిలా పడుకుంటే రెండూ కలిసి నిలదీసేవి. గోకుదామంటే ఎక్కడ గోకితే ఏది ఊడుతుందో. కొరివితో తల గోక్కోవడమనే మాట ఎవరు పుట్టించారో గానీ, వాళ్ళకు ఇలాంటి అనుభవమేదో ఉండే ఉంటుందని ఆమెకు రూఢి అయింది. రోజుకు ఇరవైసార్లు అద్దం ముందు నిలబడి, ఒక్కో వాటా ఎత్తి, కుదుళ్ళు చూసుకునేది.

విప్పిన రోజున అసలు భయం ఎదురొచ్చింది. తొందర టేపు ఊడదీసి, దువ్వెన ఒక్కసారి కిందికి లాగింది. దువ్వెనకు చిట్టెలుకంత జుట్టు చుట్ట వచ్చింది. జిగురు వాటా విప్పితే ఇంకో చిట్టెలుక. మెల్లక్క అద్దంలో తన ముఖం చూడలేదు. కౌంటరు మీద వరసగా చేరుతున్న ఆ ఎలుకలనే చూసింది.

"అయిపోయిందా?" అని అడిగింది. అడిగాక గానీ ఆ మాట ఎవరిదో గుర్తు రాలేదు.

తొందర సామాను ఆవిడకు ఫోను కలిపింది. స్పీకరులో ఆవిడ తాపీగా చెప్పింది. "కంగారు పడకండి. రోజూ దువ్వెనకు డెబ్బై, ఎనభై వస్తాయి కదండీ. అతుకులో పట్టుబడి నెలన్నరగా అవి కిందికి రాలేదు. ఇప్పుడు దారి దొరికింది, అన్నీ కలిసి వచ్చాయి. కుదుళ్ళు చూడండి, నున్నగా ఉన్నాయా?"

తొందర దీపం దగ్గరకు లాగి, వాటా వాటా వెతికింది. ఎక్కడా పలచన లేదు, పుండు లేదు, ఎరుపు లేదు.

"నాలుగూ పాసు. బోర్డు రాయించెయ్ వదినా."

మెల్లక్క ఆ వారమంతా దాదాపు ధైర్యంగా ఉంది. అలవాటు లేని పని కనుక అలిసిపోయింది కూడా.

శుక్రవారం గ్రంథాలయం మేడమ్ వచ్చింది. ట్రేలో టేపు ముక్కలు వరసగా పేర్చి ఉన్నాయి. మెల్లక్క చెవి పైన ఒక సన్నటి పాయ విడదీసి, వేళ్ళ మధ్య పట్టుకుంది. పట్టుకున్నట్టు వేళ్ళకు తెలియలేదు. పాయ వెనక నెత్తి తెల్లగా కనిపిస్తోంది. సాలెగూడు పోగుల్లాంటి ఆ వెంట్రుకలకు తూకం వేసి మరీ బరువు వేలాడదీయడానికి తాను సిద్ధమైంది.

జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుందని లోకమంతా అంటూనే ఉంది. ఆ మాట పాతికేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె చెవిన ఆగలేదు. మెల్లక్క జుట్టు మోకు. దానికి టేపు కాదు, నీళ్ళ బిందె వేలాడదీసినా ఊడదు. ఆ తల ఇచ్చిన సాక్ష్యం పట్టుకుని ఇన్నేళ్ళుగా ఎన్ని తలల మీద తీర్పులు చెప్పిందో తలుచుకుని, పట్టుకున్న పాయ వదిలేసింది. ఆకుపచ్చ రంగులు, సగం కనుబొమలు, అన్నీ వ్యర్థ త్యాగాలు.

"ఏమైందమ్మా, చెయ్యి ఆగింది?" అంది మేడమ్.

"పలచటి తల మీద పరీక్ష చెయ్యలేదండీ. నా తల మీద చేశాను. నా తల చెల్లదు."

పక్క కుర్చీ దగ్గర తొందర తువ్వాళ్ళు మడతపెడుతోంది. ఆ తువ్వాలే మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది. నోట్లో పిన్నులు ఒక్కొక్కటే తీసి కౌంటరు మీద పెట్టింది.

"పలచటి తల మీద కూడా చేశాం వదినా."

"ఎవరి తల?"

తొందర క్లిప్పు తీసింది. కొప్పు కొప్పంతా ఒక స్పాంజి ఉంగరంతో సహా చేతిలోకి వచ్చింది. రెండో కాన్పు తర్వాత జుట్టు ఊడిందని మెల్లక్కకు తెలుసు. తిరిగి వచ్చిందనుకుంది. ఊళ్ళో తలలన్నీ వెతికే మనిషి పక్క కుర్చీలో తలను చూడలేదు. ఆ కాస్త జుట్టుకు రెండు వరసల టేపు వేలాడుతోంది. ఎడమ కణత దగ్గర ఒకచోట చర్మం కందిపోయి, బొటనవేలంత మేర నున్నగా మెరుస్తోంది.

"ఎప్పుడు పెట్టుకున్నావే?"

"నీకు పెట్టిన వారానికి. మిగిలిన టేపు పారెయ్యడం ఎందుకని."

"నాకు చెప్పాలి కదా."

"చెప్తే నువ్వు భయపడతావని."

"మరిప్పుడు?"

"ఇప్పుడు నాకే భయమేస్తోంది వదినా."

తొందర గొంతులో ఆ మాట వినడం మెల్లక్కకు అదే మొదటిసారి. తన భయం ఇన్నాళ్ళూ తనొక్కదాని ఆస్తి అనుకుంది. దాన్ని మరొకరి ముఖంలో చూస్తే, అది ఎంత పెద్దదో తెలిసింది. మేడమ్ తానే లేచి కుర్చీ ఖాళీ చేసింది. తొందరను కూర్చోబెట్టి, టేపు కరిగించే మందు దూదితో చుక్క చుక్కగా అద్దుతూ, ఒక్కో ముక్కా జారేదాకా ఆగి ఆగి తీసేసరికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ తొందర కౌంటరు మీది పిన్నులు ఒళ్ళో పోసుకుని లెక్కపెడుతూ కూర్చుంది.

మేడమ్ వెయిటింగ్ బెంచీ మీద కూర్చుని అంతా చూసింది. చివర్లో అడిగింది.

"నాకూ ఇదే పెట్టబోయావా?"

అబద్ధానికి వీలుంది. మెల్లక్కకు అబద్ధమన్నా భయమే.

"పెట్టబోయానండీ. ఇప్పుడు చెప్తున్నాను, మీ తల మీద నాలుగింటిలో ఏదీ పెట్టను. ఎక్కడికైనా వెళ్ళేటప్పుడు క్లిప్పులతో పెట్టుకుని, ఇంటికి రాగానే తీసేసేది ఒకటుంది. అదీ తేలికపాటిది. లేదా పొట్టిగా కత్తిరిస్తాను."

"ఎదురుగా వాళ్ళు పెడతామంటున్నారు కదా."

మేడమ్ సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. రోడ్డు దాటింది. ఎదురు అద్దాల తలుపు తోసి లోపలికి నడిచింది. మెల్లక్క తన తలుపు దగ్గర నిలబడి, చేతిలో దూది ఉండగానే గోళ్ళు కొరికింది. పావుగంట తర్వాత ఆవిడ బయటికి వచ్చి, మళ్ళీ రోడ్డు దాటి, ఇదే కుర్చీలో కూర్చుంది.

"నా తల చూసి చెప్పమన్నానమ్మా. చూడకుండానే, మా దగ్గర అందరికీ సరిపోతుందండీ అన్నారు. ముప్పయ్యేళ్ళుగా పుస్తకాలు ఇస్తున్నాను. అందరికీ సరిపోయే పుస్తకం ఉందని ఎవరైనా అంటే, వాళ్ళు దాన్ని తెరవలేదని అర్థం. పొట్టిగా కత్తిరించు."

బోర్డు మీద ఇప్పుడు రెండే ఉన్నాయి. ఒత్తు జుట్టుకు పూసలు, పలచటి జుట్టుకు క్లిప్పులు. పూసలు కావాలని వచ్చినవాళ్ళ జుట్టును మెల్లక్క ముందు వేళ్ళతో తడిమి చూస్తుంది, తర్వాత చెవి వెనక ఒక్కటంటే ఒక్క పూస పెట్టి, రెండు వారాల తర్వాత రమ్మంటుంది. సగం మంది విసుక్కుని ఎదురుగా వెళ్తారు.

తొందరను ఆమే చర్మం డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. కుదుళ్ళు బతికే ఉండొచ్చు, లాగకుండా వదిలేసి ఎదురుచూడండి అన్నాడాయన. ఉండొచ్చు అన్నాడు. ఆ మాటను ఇద్దరూ ఇంటికి మోసుకొచ్చారు. అప్పట్నుంచీ పొద్దున్నే షట్టరు ఎత్తగానే తొందర వచ్చి కుర్చీలో కూర్చుని, తల కుడికి వంచుతుంది. మెల్లక్క దీపం దగ్గరకు లాగుతుంది. మూడో నెలలో ఒక పొద్దున, ఆ నున్నటి చోట పీచులాంటి నూగు కనిపించింది. లేదా కనిపించినట్టనిపించింది. దీపం ఇటు తిప్పితే ఉంది, అటు తిప్పితే లేదు.

"ఉందా వదినా?"

"ఉన్నట్టే ఉంది."

"దువ్వి చూడు."

మెల్లక్క దువ్వెన తీసుకుంది. ఆ చోటికి బెత్తెడు దూరం దాకా తెచ్చింది. చెయ్యి అక్కడే నిలిచిపోయింది. తొందర కళ్ళు మూసుకుని ఆగింది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల దేనికోసమైనా ఆగడం మెల్లక్క చూడలేదు.

"ఇంకో వారం చూద్దామే," అంది, దువ్వెన కింద పెడుతూ.

"సరే," అంది తొందర.