కోదండమ్మ గారి చందా

1955లో నేను కడపలో ఉంటూ ఒక స్త్రీల మాసపత్రికకు కడప, కర్నూలు జిల్లాల ఏజెంటుగా పనిచేసేవాణ్ణి. పత్రిక మద్రాసులో అచ్చయ్యేది. బస్టాండు అంగళ్లకు విడి ప్రతులు వేయించడం, ఊరూరా తిరిగి ఏడాది చందాదారులను చేర్పించడం నా పని. మా వాళ్లు పత్తికొండ సీమలో పాళెగాళ్లు. ఆ వైభవం మా నాయన కాలానికే ముగిసింది. నేను పుస్తకాల సంచి భుజాన వేసుకున్న రోజున దాయాదులు కొందరు నాతో మాట్లాడడం మానుకున్నారు. నేను పని మానుకోలేదు. ఒక్క నియమం మాత్రం పెట్టుకున్నాను. ఏ ఇంటి గడప ముందూ నిలబడి అమ్మకూడదు. లోపలికి పిలిచి, కూర్చోమన్న తరువాతే సంచి విప్పేవాణ్ణి.

స్త్రీల పత్రిక అమ్మడం వార్తాపత్రిక అమ్మడం వంటిది కాదు. చదివేది ఒకరు, దుడ్లిచ్చేది ఇంకొకరు. మా సంపాదకుడు ఈ సంగతి బాగా ఎరిగినవాడు. మొదటి పుటల్లో ఇంటి పొదుపు, పండుగ విధులు, బిడ్డల ఆరోగ్యం వేసేవాడు. అవి ఇంటి యజమాని కోసం. మగవాళ్లు స్త్రీల పత్రికను ముందు నుంచి తిరగేసి, నాలుగు పుటలు చూసి, మంచిదే అని మూసేస్తారని ఆయన నమ్మకం. నేను చూసినంతలో అది నిజమే. మధ్యలో వంటలు, కుట్లు, సరిగ్గా ఊపిరి బిగబట్టే చోట ఆగిపోయే ధారావాహిక. అవి పెండ్లయినవాళ్లకు. చివరి పుటలు ఆడపిల్లలవి. అక్కడ సంపాదకుడి గొంతే మారిపోయేది. ‘చెల్లీ’ అని మొదలుపెట్టి జడలు, పరీక్షలు, స్నేహితురాలితో వచ్చిన తగవులు, ఇంట్లో ఎవరినీ అడగలేని చిన్న చిన్న సందేహాలు మాట్లాడేవాడు. ముఖచిత్రం మీది అమ్మాయి చదివే అమ్మాయి కన్నా రెండు మూడేళ్లు పెద్దగా కనిపించాలని చిత్రకారుడికి ఆయన ఆజ్ఞ. ఆడపిల్ల తనలాంటి పిల్ల బొమ్మను చూడదని, తాను కాబోయే పిల్లను చూస్తుందని నాకొకసారి చెప్పాడు.

కొత్త ఇంటికి పోతే ఒక ప్రతిని ఉచితంగా ఇచ్చేవాళ్లం. దాన్ని స్పెసిమెన్ కాపీ అంటారు. ఏజెంటు పనితనమంతా దాన్ని ఎక్కడ తెరిచి చేతికిస్తాడన్న దాంట్లో ఉందని నేను అప్పట్లో అనుకునేవాణ్ణి. కర్నూలు కొత్తగా రాజధాని అయిన రోజులు. గుడారాల్లో కాపురం పెట్టిన ఉద్యోగుల ఇండ్లలో చందాలు సులువుగా దొరికేవి. పల్లెల్లోనే కష్టం.

కమలాపురంలో ఎస్తేరమ్మ అని మిషన్ బడి పంతులమ్మ మా చందాదారు. ఆమె దగ్గర చదువుకొని, తరువాత హైస్కూలుకు పోయిన సుభద్ర అనే పిల్ల సంగతి ఆమే నాకు చెప్పింది. పెద్దమనిషి కాగానే ఆ పిల్లను బడి మాన్పించారు. అప్పటినుంచి ఎస్తేరమ్మ తాను చదివిన సంచికలను ఎవరో ఒకరి చేతికిచ్చి ఆ పిల్లకు పంపేది. సుభద్ర వాటిని మధ్యాహ్నం వేళ ఇంట్లో ఆడవాళ్లందరికీ పైకి చదివి వినిపించేదట. ఇప్పుడు ఎస్తేరమ్మకు బదిలీ వచ్చింది. తాను పోతే ఆ పిల్ల చేతికి అచ్చు కాగితం అందేది ఉండదని, ఒకసారి ఆ ఇంటికి పోయి రమ్మని నన్ను అడిగింది.

కమలాపురం నుంచి వాళ్ల పల్లెకు ఎడ్లబండిలో పోయాను. సుభద్ర తండ్రి గంగిరెడ్డి ఆ ఊరికి పెద్దరైతు. చావడి అరుగు మీద నలుగురితో కూర్చుని ఉన్నాడు. నా ఇంటిపేరు చెప్పగానే అక్కడున్న ముసలాయన ఒకడు నన్ను పైనుంచి కిందికి చూశాడు.

“పాళెగాండ్ల వంశం పుస్తకాలు అమ్ముకుంటాండాదా ఇప్పుడు?”

“అమ్ముకుంటాండా,” అన్నాను. “మా ముత్తాతలు ఊరి కావలికని రూకలు వసూలు చేసిరి. నేను చందా వసూలు చేస్తాండా. రసీదిచ్చేది మాత్రం మా వంశంలో నేనే మొదలు.”

గంగిరెడ్డి గట్టిగా నవ్వి, లేచి నన్ను ఇంటికి తీసుకుపోయాడు. నడవాలో పట్టెమంచం వాల్పించి, మజ్జిగ తెప్పించాడు. పత్రికను ముందు నుంచి తిరగేశాడు. పొదుపు వ్యాసం దగ్గర తల ఊపాడు. ఏడాది చందా కట్టేస్తానని, తన పేరే రాసుకోమని అన్నాడు. ఇంత సులువుగా తెమిలిన బేరం నాకు ఆ జిల్లాలో మరొకటి లేదు. రసీదు పుస్తకం తీశాను.

లోపలి వాకిలి తలుపు ఓరగా వేసి ఉంది. దాని వెనక నుంచి ఆడపిల్ల గొంతు వినిపించింది.

“నాయనా, నా పేరుతో తెప్పించు.”

గంగిరెడ్డికి కోపం రాలేదు. పసిపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. ఆ ఊళ్లో పోస్టాఫీసు లేదు. టపా మనిషి కమలాపురం నుంచి వచ్చి, చావడి అరుగు మీద కూర్చుని, పేరు పేరునా పిలిచి ఉత్తరాలు ఇచ్చేవాడు. పెండ్లి కావలసిన పిల్ల పేరు నెలనెలా చావడిలో పిలిపించుకోవడం ఏ తండ్రికి బాగుంటుందని ఆయన ప్రశ్న. అది ఆయన మొండితనం కాదు. ఆ రోజుల్లో నా చెల్లెలి విషయంలో అయినా నేను అదే మాట అనేవాణ్ణి.

“నీ పేరుతో వచ్చిన పేపరు ఏనాడన్నా ఈ వాకిలి దాటి లోపలికి వచ్చిందా నాయనా? చావడిలో అందురూ చదివినాక, యాడికి పోతాదో దానికే తెలీదు.”

ఆయన నా వైపు తిరిగాడు. “చూస్తిరా. మీ పుస్తకం ఇంకా రాలేదు, అప్పుడే ఎదురు మాట్లాడతాండాది. వచ్చినాక ఏం చేస్తాదో.” మళ్లీ తలుపు వైపు చూసి, గొంతు కొంచెం గట్టి చేశాడు. “నా పేరుతో వస్తే వస్తాది. లేకుంటే లేదు.”

తరువాత ఆ పిల్ల, “అట్లయితే వద్దులే,” అంది.

అంతగా కోరుకున్నదాన్ని ఆ పిల్ల తనే వద్దంటుందని నేను అనుకోలేదు. ఆమెది అలక కాదు. తండ్రి పేరుతో వచ్చే పత్రిక తన చేతికి రాదని ఆమెకు ఖాయంగా తెలుసు. నేను రసీదు పుస్తకం మూసేశాను. బతిమాలడం నాకు చేతకాని పని. లేచి కండువా సర్దుకుంటుంటే, లోపలినుంచి ఇంకో గొంతు వచ్చింది. ఈసారి ముసలి గొంతు. గంగిరెడ్డి తల్లి.

“ఏమప్పా, నా పేరు రాస్కో. ముసిలిదాని పేరు చావడిలో పిలిస్తే ఎవురికి సిగ్గు?”

నేను మళ్లీ కూర్చుని, అమ్మగారి పేరేమిటని గంగిరెడ్డినే అడిగాను. ఆయన దూలం వైపు చూశాడు. తల్లి పేరు కొడుకు నోట పలకడం వాళ్ల ఇండ్లలో మర్యాద కాదు. నేను ఎదురుచూశాను. చివరకు ముసలామె తానే చెప్పింది.

“కోదండమ్మ. మా పుట్టినిల్లు ఒంటిమిట్ట పక్క.”

“జేజీ, నీ పేరు అదా?” అని లోపల మనుమరాలు నవ్వింది.

“అదే మరి. ఈడికి వచ్చినాక ఎవురూ పిలవల్యా.”

పత్రికను చుట్టే కాగితం పట్టీని మేము రేపర్ అంటాం. చందాదారు పేరు, ఊరు దాని మీద ఉంటాయి. పల్లెటూరి ఆడవాళ్లకు పంపేటప్పుడు ‘కేరాఫ్’ అని ఇంటి యజమాని పేరు కూడా రాయడం ఆనవాయితీ. అది వద్దని సుభద్ర లోపలినుంచి గట్టిగా చెప్పింది. నాయన పేరుంటే నాయన చేతికే పోతుందని ఆమె వాదం. సరేనని, గంగిరెడ్డి ఇచ్చిన చందాకు రసీదు రాసిచ్చాను. ఆ రేపర్ మీద ఒక్క కోదండమ్మ పేరు, ఊరి పేరే ఉండేటట్టు మద్రాసుకు రాశాను.

తరువాతి నెలలో మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. కోదండమ్మ అనే మనిషి ఆ ఊళ్లోనే లేదని పత్రిక తిరిగొచ్చిందట. అప్పట్లో కొందరు ఏజెంట్లు కమీషను కోసం లేని చందాదారులను పుట్టించేవాళ్లు. ఆఫీసువాళ్లు ఆ మాట నేరుగా అనలేదు. ఆమె ఉన్న సంగతి నిర్ధారించుకొని రాయమని మర్యాదగా రాశారు. ఆ మర్యాద నాకు రుచించలేదు. ఈలోగా కొత్త సంచిక కూడా వచ్చే వేళయింది. టపా వచ్చే రోజే చూసుకొని బయలుదేరాను.

నడవాలో అడుగుపెట్టేసరికి లోపలినుంచి సుభద్ర మాట వినిపించింది. “రసీదు శానా బాగా రాసిచ్చినారు. పుస్తకమే రాల్యా.” నేను నొచ్చుకున్నాను గానీ, ఆ పిల్ల కష్టం వేరు. ఎస్తేరమ్మ ఊరు విడిచి అప్పటికే నెల దాటింది. చదవడానికి ఇంట్లో ఒక్క కాగితం లేదు.

ఏం జరిగిందని గంగిరెడ్డిని అడిగాను. టపా మనిషి ఆ పేరు పిలిచినప్పుడు తాను అక్కడే ఉన్నాడట. అంతా ఒకరి ముఖం ఒకరు చూసుకుని, అట్లాంటి మనిషి ఈ ఊర్లో లేదన్నారట.

“అందరిలో మా అమ్మ పేరు పట్టుకొని పిలుస్తాంటే, ఔను మా అమ్మే అని ఎట్లంటానప్పా? నోరు రాల్యా,” అన్నాడు.

ఊళ్లో ఆమెను పెద్దరెడ్డి భార్య అని, గంగిరెడ్డి తల్లి అని, సుభద్ర జేజి అని ఎరిగినవాళ్లే ఉన్నారు. కోదండమ్మ అని ఎరిగిన ఒకే ఒక్క మగవాడికి నోరు రాలేదు. కేరాఫ్ రాసి ఉంటే ఈ చిక్కు వచ్చేది కాదు. నేను ఆ మాట ఎత్తబోయేలోపే ముసలామె వాకిలి దాటి నడవాలోకి వచ్చింది. నేను ఆమెను చూడడం అదే మొదటిసారి. సన్నగా, కొంచెం వంగి, తలమీద కొంగు కప్పుకుని ఉంది. చావడికి తానే పోతానంది.

“నువ్వు చావడికి పోయేదేమిమ్మా?” అన్నాడు కొడుకు.

“ఆయప్ప పిలిచేది నన్ను గదా. పలకాల్సింది ఎవురు?”

చూపు సరిగా ఆనదు కాబట్టి సుభద్ర ఆమె మోచేయి పట్టుకుంది. చావడికి పోవద్దని కూతురికి చెప్పాలంటే గంగిరెడ్డి ఆ చేయి విడిపించాలి. ఆయన విడిపించలేదు. వాళ్ల వెనకే నడిచాడు. నేనూ నడిచాను.

అరుగు మీది మగవాళ్లు ఆమెను చూసి ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. నన్ను ఎగతాళి చేసిన ముసలాయన ముందు లేచాడు. ఆమె అరుగు అంచున కూర్చుంది. టపా మనిషి వచ్చాడు. ఒకరికి కోర్టు కాగితం, ఇంకొకరికి మిలటరీలో ఉన్న కొడుకు ఉత్తరం. తరువాత రేపర్ చుట్టిన పత్రిక తీసి, పోయిన నెల గుర్తొచ్చి కాబోలు, అపనమ్మకంగా పిలిచాడు.

“కోదండమ్మ గారు.”

ఆమె పలకలేదు. చూపులాగే చెవి కూడా తగ్గిందేమో అనుకున్నాను. అతను అటూ ఇటూ చూసి, ఇంకొంచెం గట్టిగా మళ్లీ పిలిచాడు.

“ఉండా,” అంది ఆమె.

పత్రిక ఆమె చేతికి వచ్చింది. ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని రేపర్ మీద వేలితో తడిమి చూసింది. తరువాత సుభద్రకు ఇచ్చింది. ఆ పిల్ల దాన్ని రెండు చేతులతో గుండెలకు అదుముకుని, చావడి అన్న సంగతి మరిచి, అక్కడే చివరి పుటలు తెరవబోయింది. తండ్రి చిన్నగా దగ్గాడు. ఇంటికి తిరిగిపోతూ, మొదటిసారి పిలిచినప్పుడు వినపడలేదా అని నేను ముసలామెను అడిగాను.

“వినపడింది. ఇంకోసారి పిలిపిద్దామని ఊరకున్నా.”

ఆ ఏడాదంతా పత్రిక తప్పకుండా అందింది. సుభద్ర చదవడం, ఇరుగుపొరుగు ఆడవాళ్లు వినడం మధ్యాహ్నాల్లో వాడుకైంది. వాళ్లలో కొందరు నాకు కబురు పెట్టి తమకూ రాయించుకున్నారు. కేరాఫ్ వద్దని అందరూ అదే మాట చెప్పారు.

ఏడాది తిరిగాక రెన్యూవల్‌కు, అంటే చందా తిరిగి కట్టించుకోవడానికి పోయాను. గంగిరెడ్డి తానే, ఈసారి పిల్ల పేరు రాసుకోండి, పిలిస్తే పిలవనీ అన్నాడు. నేను సంతోషంగా పెన్ను తీశాను. కోదండమ్మ నడవాలోనే కూర్చుని ఉంది. ఒప్పుకోలేదు.

“దానికి వేరేది రాయండి. ఇది నాది.”

“నీకు చదవను రాదు గదమ్మా. ఒక ఇంటికి రెండు పుస్తకాలు ఎందుకు?” అన్నాడు కొడుకు.

“రాకుంటే ఏమి? నా పేరుతో ఈ ఇంటికి వచ్చేది అదొక్కటే.”

రెండు రసీదులు రాశాను.

ఈ సంగతి మద్రాసుకు రాస్తే, ఆడపిల్లల పుటల్లో ఏది నచ్చి ఆ ఊరివాళ్లు చేరారో కనుక్కోమని సంపాదకుడు జవాబు రాశాడు. జడల గురించా, పరీక్షల గురించా అని ఆయన సందేహం. ఆ పుటలు అవసరం లేదని నేననను. అవి లేకపోతే సుభద్ర ఆ పత్రికను అడిగేదే కాదు. కానీ మేము ‘చెల్లీ’ అని ఎంత ఆప్యాయంగా రాసినా, ఆ పిలుపు తండ్రి పేరున్న రేపర్ లోపల ఉన్నంతకాలం అది అందరు చెల్లెళ్లకూ చెప్పిన మాటే. తన పేరు పైన ఉన్నప్పుడు అది ఆమెకు చెప్పిన మాట అవుతుంది.

ఆ తరువాత రసీదు రాసేటప్పుడు ఎవరి పేరు మీద అని యజమానిని అడగడం మానేశాను. పెన్ను మూత తీసి, లోపలి వాకిలి వైపు తిరిగి, “పేరు చెప్పండమ్మా,” అని ఊరుకునేవాణ్ణి. చాలా ఇండ్లలో జవాబు రావడానికి కొంతసేపు పట్టేది. ఆ కాసేపు తొందరపెట్టకుండా కూర్చోవడం నేను ఆ ఊళ్లో నేర్చుకున్నాను.