అక్క నిదానం, నా తొందర

అక్క దగ్గర బెల్లం ముక్క అరగంట ఉండేది. నా దగ్గర అర నిమిషం కూడా నిలిచేది కాదు. బడికి బయలుదేరేటప్పుడు అమ్మ ఇద్దరి చేతుల్లో చెరో ముక్క పెట్టేది. నేను గడప దాటకముందే పటపటా నమిలి మింగేసేవాణ్ణి. అక్క తన ముక్కను పావడా అంచులో చుట్టి పట్టుకుని, ఒక్కో పలుకే కొరికి బుగ్గన పెట్టుకుని, బడి దాకా కరిగించుకుంటూ వచ్చేది. సగం దారిలో నేను చెయ్యి చాచేవాణ్ణి. "నీదేమైందిరా?" అని తిట్టి, మిగిలినదాన్ని పావడా మీంచి కొరికి కాకెంగిలి చేసి సగం నాకు పెట్టేది. నాకంటే అయిదేళ్లు పెద్దది. ఆ సగాన్నీ నేను మళ్లీ అర నిమిషంలోనే మింగేవాణ్ణి.

పెద్దయ్యాక అక్క మా ఊరు కోవూరులోనే వరి పండించే ఇంటికి కోడలైంది. నేను తోటపల్లి గూడూరు వైపు వచ్చి రొయ్యల చెరువులు పెట్టుకున్నాను. చెరువు గట్టు మీద ఎండ, ఉప్పుగాలి కలిసి మనిషిని పీల్చేస్తాయి. గట్టు చివర బడ్డీ కొట్టుంది. ఐసు పెట్టెలోంచి మామిడి రసం సీసా తీసి మూత తిప్పానంటే, నోటి దగ్గర నుంచి దించేసరికి అది ఖాళీ. రోజుకు నాలుగు, ఎండలు ముదిరితే ఆరు. మందు ముట్టను, బీడీ కాల్చను, నాకేం రోగం వస్తుందని పదిమందిలో ఛాతీ విరుచుకుని తిరిగేవాణ్ణి.

రోగం అక్కకొచ్చింది. పోయిన వేసవిలో కళ్లు పచ్చబడితే కామెర్లేనని పసరు పోయించారు. తగ్గలేదు. నెల్లూరులో చూపిస్తే మద్రాసు తీసుకెళ్లమన్నారు. అక్కడి డాక్టరమ్మ తెలుగావిడే. లివర్ దాదాపు అయిపోయిందనీ, ఇంట్లోవాళ్లెవరైనా తమ లివర్‌లో కొంత ఇస్తే ఇద్దరిలోనూ మళ్లీ పెరుగుతుందనీ చెప్పింది. అక్కకు పిల్లలు లేరు. బావ రక్తం గ్రూపు కలవలేదు. నాది కలిసింది.

నిజం చెప్పాలంటే నాకు సంతోషం వేసింది. జబ్బు అక్కదని తెలిసీ సంతోషపడ్డాను. పుట్టినప్పటి నుంచి ఆమె దగ్గర తీసుకోవడమే తప్ప ఇచ్చిందేమీ లేదు. ఇప్పుడు ఇవ్వబోతున్నాను. రేపే కోసుకోండి అన్నంత హుషారుగా స్కానింగు బల్ల మీద పడుకున్నాను.

"మీ లివర్ నిండా కొవ్వుంది. ఇలా ఉంటే తీసుకోలేం" అంది డాక్టరమ్మ.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను మందు చుక్క ముట్టను మేడం. రిపోర్టు వేరేవాళ్లదేమో చూడండి."

ఆవిడ కోప్పడలేదు. రోజూ ఏం తింటానో, ఏం తాగుతానో అడిగింది. మామిడి రసం దగ్గర ఆగింది. ఎంతసేపట్లో తాగుతారని అడిగింది. ఇదేం ప్రశ్న అనుకుంటూ, "ఒక్క గుక్కలో" అన్నాను.

"ఎంత చక్కెర అన్నదే కాదు, ఎంత వేగంగా అన్నది కూడా ఒంటికి ముఖ్యమే" అంది. కొద్దికొద్దిగా వస్తే చిన్నపేగు దాన్ని చాలావరకు తనే సర్దుకుంటుందట. ఒక్కసారిగా వచ్చి పడితే పేగు చేతులెత్తేస్తుంది, మిగిలింది నేరుగా లివర్‌కు పోతుంది. అది ఏం చెయ్యాలో తోచక కొవ్వుగా మార్చి దాచుకుంటుంది.

"పండ్ల రసమే కదా మేడం!"

"పండు నమిలి తిని చూడండి. ఒక్క గుక్కలో తినగలరా? పీచు ఉంటుంది, నమలాలి, నిదానంగా దిగుతుంది. సీసాలో ఆ అడ్డేమీ లేదు."

ఎనిమిది వారాలు గడువిచ్చింది. తీపి సీసాలు పూర్తిగా మానాలి, బరువు తగ్గాలి, అప్పుడు మళ్లీ స్కానింగు. అక్కను అందాకా మందులతో నెట్టుకురావచ్చని చెప్పింది. అక్క పేరు దాతల కోసం ఎదురుచూసేవాళ్ల జాబితాలోనూ రాసుకున్నారు గానీ అక్కడ ఎప్పుడు వంతొస్తుందో ఎవరూ చెప్పలేరు. అంటే అక్క బతుకు నా నోటి మీద ఆధారపడింది.

వార్డులోకి వెళ్లి తల దించుకుని సంగతంతా చెప్పాను. అక్క పసుపు కళ్లతో నవ్వింది.

"ఒరే అబ్బయ్యా, చెరువులో మేత ఎట్టా ఏస్తావురా?"

ఆమెకు తెలుసు, చాలాసార్లు గట్టు మీద నిలబడి చూసింది. రోజుకు నాలుగు పూటలు కొలిచి చల్లుతాం. కాసేపయ్యాక నీళ్లలో ఉంచిన చెక్ ట్రే లేపి రొయ్య ఎంత తిన్నదో చూస్తాం. మేత మిగిలితే తరువాతి పూట తగ్గిస్తాం. బస్తా అంతా ఒకేసారి కుమ్మరిస్తే రొయ్య తినలేక వదిలింది అడుగున కుళ్లి చెరువే పాడవుతుంది.

"రొయ్యకైతే ట్రే ఎత్తి ఎత్తి చూస్తావు. నీ పొట్టలోకి మాత్రం బస్తాలు బస్తాలు కుమ్మరిస్తా ఉండావు. ఆ రొయ్య పాటి చెయ్యవంట్రా నువ్వు?"

పక్క మంచం ఆవిడ కూడా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

మొదటి వారం నేను తెలివి చూపించాను. వేగమే కదా తప్పు అనుకుని ఒక సీసా కొని, గడియారం చూస్తూ గంటసేపు చప్పరించాను. ఫోనులో ఆ సంగతి గొప్పగా చెబితే అక్క మండిపడింది. "దొంగబుద్ధి పోనిచ్చుకున్నావు కాదు. మానమంటే మానాలిరా!" మానేశాను. మానేశానని ఒక్క మాటలో రాస్తున్నాను గానీ అది మాటల్లో అయ్యే పని కాదు. మధ్యాహ్నం మూడింటికి నాలుక దానంతటదే కొట్టు వైపు లాగేది. ఇంట్లో నా భార్య మీద ఊరికే అరిచేవాణ్ణి. కొట్టు కనపడకుండా చెరువుకు అటువైపు నుంచి చుట్టు తిరిగి వెళ్లేవాణ్ణి.

సీసాకు బదులు జామకాయ. నమలడం నలభై ఆరేళ్ల వయసులో నేర్చుకున్నాను. సాయంత్రం గట్టు మీద కూర్చుని ఒక్క కాయ తినేసరికి చెరువు నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్ల నురగ మీద ఎండ పోయేది. అప్పుడే అక్క ఫోను వచ్చేది.

"ఈ పొద్దు ఏం తిన్నావురా?"

లివర్ పాడైన మనిషి, గుక్కెడు గంజి దిగని మనిషి, నా తిండి గురించి అడిగేది. బడి దారి మాటలు మాట్లాడుకునేవాళ్లం. పెళ్లిళ్లయ్యాక అంతగా మాట్లాడుకోనేలేదు. ఈ వారాలు ఇంకాస్త సాగితే బాగుండునని నాకు లోపల ఉండేది. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

అయిదో వారం మద్రాసు వెళ్లాను. నా నడుము బెల్టు మూడు రంధ్రాలు లోపలికొచ్చింది. అక్క మాత్రం దుప్పటి కింద ఉన్నట్టే లేదు. "ఇప్పుడే స్కాన్ చేయించేదా అక్కా?" అన్నాను. డాక్టరమ్మ ఇంకా మూడు వారాలు ఆగితేనే నయమంది. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"తొందరపడబాకరా. నేనేడికి పోతాను?"

ఆగాను. జన్మలో ఒక్కసారి పెద్దల మాట విని, పట్టుపట్టకుండా నిదానంగా ఇంటికొచ్చాను. ఆరో వారంలో అక్కకు జ్వరం పట్టుకుంది. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందన్నారు. బావ ఫోను చేస్తే బయలుదేరాను. రైలు గూడూరు జంక్షన్ దాటుతుండగా రెండో ఫోను వచ్చింది.

ఆ రోజు గొడవ చేసి స్కాన్ చేయించుకుని ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఏమీ అయ్యేది కాదనే డాక్టరమ్మ అంది. మంచి మనిషి కాబట్టి అలా అని ఉంటుంది. ఇప్పుడు సాయంత్రాలు చేతిలో ఫోను పట్టుకుని గట్టు మీద కూర్చుంటాను. ఏం తిన్నావురా అని ఎవరూ అడగరు. అడిగితే చెప్పడానికి ఎన్ని ఉన్నాయో!

అక్క దినాలన్నీ అయిపోయాక స్కానింగు తేదీ వచ్చింది. నేను చొక్కా వేసుకుంటుంటే నా భార్య వాకిట్లో అడ్డం నిలబడింది.

"ఇంకెందుకయ్యా?"

"చెప్పిన రోజుకు వస్తానని మాటిచ్చాను" అన్నాను. ఆమె పక్కకు జరిగింది.

అదే బల్ల, అదే చల్లని జిగురు పొట్ట మీద. డాక్టరమ్మ తెర వంక చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు చూడకుండా మెల్లగా చెప్పింది. కొవ్వు చాలావరకు పోయిందట. ఇప్పుడైతే తీసుకోవచ్చట.

నేను లేచి కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకున్నాను. ఒంట్లో ఎక్కడా నొప్పి లేదు, నీరసం లేదు. అక్కకు ఇవ్వాల్సింది చక్కగా తయారై నా దగ్గరే ఉండిపోయింది.