కార్గోలో పోయిన నీలం డ్రమ్ములు

సౌదీలోని హాయిల్ దగ్గర కీరకాయలు పండించే గ్రీన్‌హౌసుల్లో ఓబులయ్యది పద్నాలుగేళ్ల కొలువు. నాట్లకు ముందు మట్టిలోని పురుగు చావడానికి మందు పారించడం అతని పని. రాయచోటి వైపు మనిషి, నీళ్ల కరువు ఎరిగినవాడు. అలాంటివాడి కంటికి ఆ మందు వచ్చే నీలం డ్రమ్ములు ఎలా ఆనాయో వేరే చెప్పాలా?

ఖాళీవి తీసుకుపోతానంటే పనిలో పెట్టుకున్న యజమాని, కఫీల్, వద్దనలేదు. ఓబులయ్య రెండింటిని సబ్బుతో మూడేసిసార్లు కడిగి, ఎండబెట్టి, వాటినిండా ఖర్జూరాలు, పాలపొడి, దుప్పట్లు కుక్కి, మూతలు బిగించి కార్గోలో ఇంటికి వేశాడు. అట్టపెట్టె దారిలో చినుగుతుంది, డ్రమ్ము చినగదు. పైగా ఇంట్లో నీళ్లకు పనికొస్తుంది. ఆ తెలివికి గదిలోవాళ్లంతా భేష్ అన్నారు, ఓబులయ్య మీసం కూడా దువ్వుకున్నాడు. ఇది ఆరేళ్ల కిందటి మాట.

మొన్న పొద్దున ఇంకో డ్రమ్ము కడుగుతుంటే స్టోర్ కీపర్ వాజిద్ వచ్చి ఆపాడు. హైదరాబాదు మనిషి, అరబ్బీ బాగా చదువుతాడు.

"ఏం చేస్తున్నవ్ భాయ్? దీని మీద ఏం రాసిందో తెలుసా?" అని డ్రమ్ముకు అంటించిన అరబ్బీ చీటీ మీద వేలు పెట్టాడు. "ఖాళీ అయినంక దేనికీ వాడొద్దట. కడిగినా సరే. ఈ మందుతోని క్యాన్సర్ వస్తదని అనుమానం ఉన్నదట."

పద్నాలుగేళ్లుగా ఆ చీటీ అతని కళ్లెదుటే ఉంది. ఇన్నేళ్లూ ఆ మందు పీల్చిన తన ఊపిరితిత్తులు అతనికి గుర్తు రాలేదు. గుర్తొచ్చింది కూతురు ఉమ. డ్రమ్ములు ఇల్లు చేరేనాటికి రెండేళ్లది. పోయిన సెలవులో మునివేళ్ల మీద నిలబడి, డ్రమ్ములో చెంబు ముంచుకుని గటగటా తాగి, తండ్రిని చూసి నవ్వింది. ఆ చెంబు మునిగే చప్పుడు ఓబులయ్య చెవుల్లో మొదలైంది. మోటారు మోత మధ్య కూడా ఆగలేదు. నవ్వుతూ తాగనిచ్చింది తానే.

మధ్యాహ్నం అన్నం ముట్టకుండా భార్య మునిరత్నమ్మకు ఫోన్ చేశాడు.

"మునిరత్నా, ఆ డ్రమ్ముల్లో నీల్లు ఎవరూ తాగొద్దండి. పాప చేత అస్సలు తాగనియ్యొద్దు. ఇప్పుడే పారబోసెయ్."

"పారబోసేదేందయా? మల్లా కొళాయి వచ్చేది వారానికి గదా!"

"అవి మందు డ్రమ్ములు. ఆ నీల్లకు పెద్ద జబ్బు రావొచ్చంట."



"కడిగే పంపినావు గదా?" అంది మునిరత్నమ్మ.

"కడిగినా. నీల్లు వాసనేమన్నా వస్తాండాయా?"

"ఇప్పుడేం రాదు. మొదట్లో ఘాటుగా వస్తాండె. నువ్వు అంత కష్టపడి పంపినావని ఎవరికీ చెప్పలే. మూడు నెల్లు తాగేసరికి అదే పోయిందిలే."

ఆ వాసన పోయింది ఉమ కడుపులోకేనని ఓబులయ్యకు అర్థమైంది.