తోడికోడలి కార్డులో నాకొచ్చిన సగం

చదివే పెద్దలకి ముందే చెప్పుకుంటా, నేను ఐదో తరగతి కూడా సరిగ్గా దాటలా, కాగితం మీద ఇంత రాసేది ఇదే మొదలు, ఒత్తులూ దీర్ఘాలూ యాడ తప్పినా మీరే సరిచేసుకోని చదువుకోండి.

పొద్దున గ్రైండర్ గిన్నెలో దోసెపిండి గీరతా ఉంటే ఫోన్ మోగింది. ఎవరో మగమనిషి, బో మర్యాదగా, మేడం మీ క్రెడిట్ కార్డు ఆగిపోయింది, నంబర్ చెప్పండి అన్నాడు. నన్ను మేడం అన్నదానికి రవంత సంతోషం వేసింది గానీ, నాకు కార్డు యాడిదయ్యా, చేతిలో ఉండే ఈ సగం ముక్క తప్ప అనుకోని పెట్టేసినా. పిండి గీరేది ఆ ముక్కతోనే. అది మా తోడికోడలిది.

తోడికోడలంటే మా మరిది పెండ్లాం, నాకంటే చాలా చిన్నది. సూళ్లూరుపేటలో జాకెట్లు కుట్టే షాపు పెట్టింది, నేను ఇంటిముందర దోసెలు పోసుకునేదాన్ని. ఆమె చెయ్యి పెడితే ఏదైనా కుదురుతుంది, నేను పెడితే మాడుతుంది అని మా అత్తే అందరి ముందరా అనేది. అట్టాంటామెకి కార్డు కూడా వచ్చిందంటే, మా వీధికంతా అదే మొదటిది, నాకు అన్నం దిగలా. ఆ కార్డు మీదనే కొత్త కరెంటు కుట్టుమిషన్ తెచ్చుకునింది.

మా పక్క ఏ కార్డు వచ్చినా, రేషన్‌దైనా ఆధార్ అయినా, ముందు జిరాక్సు షాపుకి పోయి రెండు పక్కలా తీయించి పెట్టుకోవడం అలవాటు, ఆఫీసులో ఎప్పుడు ఏది అడుగుతారో ఎవరికి తెలుసు. ఆమె దీన్నీ అట్టే తీయించింది. ఇంటి స్థలానికీ, గ్యాసుకీ, మహిళా సంఘానికీ, ఏ కాగితం ఇచ్చినా ఆధార్ కింద దీన్ని కూడా పెట్టేది, వాళ్లు అడక్కపోయినా, రవంత గౌరవంగా చూస్తారని. ఎచ్చులు అనుకున్నానే గానీ, అది తప్పని నాకు మాత్రం ఏం తెలుసు.

ఒకనాడు ఆమె నా దగ్గర పీట మీద కూర్చోని కారందోసె తింటా ఉంటే ఫోన్‌కి వరసగా మెసేజీలు వచ్చినాయి, ఆ కార్డుతో ఏదో దేశంలో హోటల్లో దిగినట్టు, బూట్లూ వాచీలూ కొన్నట్టు. తుంచిన దోసె ముక్క తుంచినట్టే తట్టలో పెట్టేసింది. ఆ డబ్బు కట్టాల్సొస్తే కరెంటు మిషన్ అమ్మాల్సిందే, మిషన్ పోతే షాపు మూసుకోవాల్సిందే. నాకు మాత్రం ముందు అనిపించిందేమంటే, నేను ఇన్నేండ్లకి మద్రాసు దాటలా, ఈమె కార్డు మాత్రం విమానమెక్కి ఫారిన్ హోటల్లో పండుకునింది గదా అని.

సాయంత్రానికి చర్చి అయ్యగారు వచ్చి, చాపలేయించి, కార్డుని బైబిలు పక్కన పెట్టి ప్రార్థన చేసినారు. వీధంతా వచ్చింది, ఏడ్చినోళ్లు కూడా ఉన్నారు. నేను జారిపడి కాలు విరగ్గొట్టుకున్నప్పుడు ఆదివారం ప్రార్థన చివర్లో నా పేరు ఒక్క మాట కలిపి ముగించినారు, ప్లాస్టిక్ ముక్కకి మాత్రం ఇన్ని కన్నీళ్లు. పైగా మా అత్త, "ఏం మే పెద్దదానా, అట్టా గుడ్లప్పగించి చూడబాక, అందరికీ టీ పెట్టు పో" అనింది.

మరిది మద్రాసులో పనిలో ఉండాడు గాబట్టి బ్యాంకుకి తోడు నేనే పోయినా. నంబర్ ఎవరికైనా చెప్పినావామ్మా అని సారు అడిగితే ఎవరికీ చెప్పలా సార్ అని ఏడ్చింది. కార్డు చూపించమంటే సంచిలో చెయ్యి పెట్టి, "జిరాక్సులు కూడా తెచ్చినా సార్, రెండు పక్కలా ఉండాయి" అని కట్ట తీసింది.

ఆయన జిరాక్సులో కార్డు వెనకపక్క ఎవరికీ చూపించకూడని మూడంకెలు చూసి, కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "ఇవి ఇంకా ఎవరికిచ్చినావు తల్లీ?" అన్నాడు.

"అందరికీ సార్."

నాకు నవ్వాగలా. నవ్వతా ఉంటే ఆమె నా చెయ్యి పట్టుకునింది, వేళ్లు ఐసు మాదిరి ఉండాయి, వదలలా. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. అప్పుడు సారుకి చెప్పినా, ఆ కొన్న టైముకి ఈమె మా ఇంట్లో దోసె తింటా ఉండాది, పోసిచ్చింది నేనే అని. ఆయన కార్డు ఆపేసి, కంప్లైంట్ రాసుకున్నాడు.

కబురు వచ్చేదాకా ఆమె ఆ మిషన్ని తుడిచిందే తుడిచింది, అత్తగారింటికి పంపే బిడ్డని సింగారించినట్టు. చివరికి ఆ డబ్బు కట్టే పన్లేదని బ్యాంకు చెప్పింది. ఆమె దేవుడికి కృతజ్ఞత కూడిక పెట్టి, అందరి ముందరా నిలబడి సాక్ష్యం చెప్తా, "దేవుడు మా అక్క కారందోసెని కూడా వాడుకున్నాడు" అనింది, అందరూ నవ్వి నాపక్క తిరిగినారు. కడుపుమంట రవంత చల్లారింది. తర్వాత భోజనాల్లో అందరూ ఆమె వండిన బిర్యానీని మెచ్చుకుంటే మళ్లా రగులుకునింది. కొత్త కార్డు వచ్చినాక పాతదాన్ని కత్తెరతో రెండు ముక్కలు చేసి, "ఇంద అక్కా, నీకు సగం, ఇంక కుళ్లుకోబాక" అనింది. ఆమెకి ముందునుంచీ తెలుసన్నమాట.

ఇప్పుడు ఆమెకి నాయుడుపేటలో పెద్ద షాపు, కాపురం కూడా అక్కడే. మొన్న మా పక్కింటామె డబ్బు ఫోన్లో ఎవరో కొట్టేస్తే సిగ్గుపడి గోడ ఇవతల ఉండే నాక్కూడా చెప్పలేదు, చాపా లేదు, ప్రార్థనా లేదు, ఒక్కతే ఏడ్చుకునిందంట. ఈ పొద్దు నాకొచ్చిన ఫోన్ సంగతి చెప్పుకోడానికి ఎవరూ లేక తోడికోడలికే చేసినా. "నాకు రోజూ నాలుగు వస్తాయక్కా" అనింది. దాంట్లోనూ నాకంటే ఆమెకే ఎక్కువ. ఎన్నాళ్లకో మళ్లా మంట పుట్టింది, బో హాయిగా ఉండింది. ఇంకా మాట్లాడదామనుకుంటే షాపుకి ఎవరో వచ్చినారని పెట్టేసింది. ఎదురుగా కూర్చోని నా దోసె తినే మనిషి మీద కుళ్లుకున్న ఆ రోజులే బాగుండినాయి.

పిండి చేతులతో రాసిన కాగితం ఇది, మరకలూ ఉంటాయి, తప్పులూ ఉంటాయి. మీ ఇంట్లో మనిషే రాసిందనుకోని కడుపులో పెట్టుకోండి.