మర్నాటి పులుసు మీద నేను వేసిన నింద

దాకెడు చేపల పులుసు కోసం తోడబుట్టిన అక్కతో ఏడాదిపాటు మాటలు మానేసిన మొనగాడు మా జిల్లాలో ఒక్కడే ఉంటాడు. వాడి పరువు ఎలా మునిగిందో వాడే చెబుతున్నాడు, వినండి.

మా అక్కది ముదినేపల్లి. బావగారిది వరి వ్యవసాయం. ఏలూరు నుంచి నెలకో ఆదివారం వెళ్లేవాణ్ణి. అక్క బొచ్చెచేప పులుసు పెట్టేది. తిన్న అరగంటకి నా మొహం పండుమిరపకాయ అయ్యేది. ఒళ్లంతా దురద, ముక్కు కారడం, తలనొప్పి. పక్కనే బావగారు అదే పులుసు మారు వడ్డించుకుని హాయిగా తేన్చేవారు. ఆ తేన్పు నన్ను ఉద్దేశించిందేనని ఇప్పటికీ నా అనుమానం.

నాలుగోసారి ఊరుకోలేదు.

"బావగారూ, చచ్చిన చేపలు తెస్తున్నారా?"

"ఏంటోయ్? గట్టు మీద గిలగిల్లాడుతున్నదాన్ని కోయించుకొచ్చాను!"

"మరి నాకే ఎందుకండీ దురద? నా ముక్కలు వేరే తీసి ఉంచుతున్నారేమో!"

అక్క చేతిలో గరిటె దాకలో పడింది. "నీకు నేను విషం పెడతాన్రా?"

"విషం అనలేదక్కా. పాడైంది అన్నాను."

ఇంత మర్యాదగా చెప్పినా ఆవిడ ఏడ్చింది. తప్పెవరిదో మీరే చూడండి. బావగారు క్షమాపణ చెప్పేదాకా ఆ గడప తొక్కనని ప్రకటించి బస్సెక్కాను.

ఏడాది గడిచింది. బావగారి షష్టిపూర్తి దగ్గరపడింది. పుట్టింటి బట్టలు పెట్టాల్సిన తమ్ముణ్ణి నేనొక్కణ్ణే.

"ఏవండీ, మీరెళ్లకపోతే వదినగారు ఏ మొహంతో పీటల మీద కూర్చుంటారండీ?" అంది మా ఆవిడ.

"వెళ్తాను. చేప పాడైందని డాక్టరు చేత రాయించుకుని, ఆ కాగితంతో వెళ్తాను."

ఏలూరులో డాక్టరమ్మ పరీక్షలు చేయించి, మూడు వారాలు ఏం తిన్నానో, ఏమైందో రాయమంది. నా బాధలు రాసి తెమ్మని అడిగిన మొదటి మనిషి ఆవిడే. నోటుపుస్తకం నింపేశాను.

ఆవిడ ఓపిగ్గా చదివింది. "తాజా చేప తిన్నరోజు ఏమీ లేదు. ఎండుచేప తిన్నరోజు దురద. అలర్జీ పరీక్షల్లో ఏమీ రాలేదు. ఇది హిస్టమిన్ అనే పదార్థం పడకపోవడంలా ఉందండీ. చేప నిలవున్నకొద్దీ అందులో హిస్టమిన్ పెరగొచ్చు, మళ్లీ మరిగించినా పోదు. పేగుల్లో దాన్ని విరిచే ఎంజైమ్ మీకు తక్కువై ఉంటుంది. కొల్లేట్లో చేరిన నీళ్లని ఉప్పుటేరు సముద్రానికి లాగేస్తుంది కదా? మీ ఒంట్లో ఉప్పుటేరు పూడిందనుకోండి. నీళ్లు గట్టు దాటి పొర్లుతున్నాయి."

"నిలవ చేప! నేనన్నదీ అదేనండీ! రాసివ్వండి."

"మీ అక్కగారి పులుసు ఎప్పుడు వండింది?"

"ముందురోజండీ."

"అప్పటికప్పుడు వండి పెట్టరా?"

నేను గోడమీది క్యాలెండరు చూశాను. పక్క కుర్చీలో మా ఆవిడ గొంతు సవరించుకుంది.

"ఏడాదిన్నర కిందట పెట్టారండీ, వేడివేడిగా. 'ముక్కకి పులుసు పట్టలేదు, నీ అల్లుడికైతే మర్నాటిదాకా ఉంచి పెడతావు, నేనంటే లోకువా' అని ఈయన రెండు నెలలు అలిగారు. అప్పట్నుంచీ ఈయనొస్తున్నారంటే పాపం శనివారమే వండి ఉంచుతారు."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుని రాసిచ్చింది: నిలవ చేప తినకూడదు. అక్క నిర్దోషి అని తేల్చే కాగితం, నేనే పట్టుబట్టి రాయించుకున్నాను.

బట్టలు తీసుకుని వారం ముందే ముదినేపల్లి వెళ్లాను. బావగారు వీధరుగు మీదే ఉన్నారు.

"క్షమాపణ ఎక్కడ చెప్పమంటావోయ్? అరుగు మీదా, లోపలా?"

"నేనే చెప్పుకుంటానండీ. తప్పు నాదే." ఆ ఆఖరి రెండు మాటలూ నా నోట్లోంచి రావడం అదే మొదలు.

అక్క కాగితం రెండుసార్లు చదివింది. కళ్లు తుడుచుకుని, "కాళ్లు కడుక్కురా," అంది. గంటలో నాకొక్కడికీ తాజా చేప పొగలు కక్కుతూ వచ్చింది. మిగతా అందరూ నిన్నటి పులుసు వేళ్లు నాకుతూ తిన్నారు.

"ఎలా ఉందిరా?" అంది అక్క. ఇల్లంతా నా నోటివైపే చూసింది.

"అమృతం, అక్కా."

పాఠక దేవుళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మా అక్క వంట మీద ఇక జన్మలో ఫిర్యాదు చేయను. ముక్కకి పులుసు పట్టలేదన్నది ఫిర్యాదు కాదు, సమాచారం.