వర్జ్యం చూసి బయల్దేరే పెదమావ

మా పెదమావ పోయాడు. కబురు తెచ్చిన పాలేరు "ముసలాయన ఎల్లిపోనాడమ్మా" అని ఊరుకోలేదు. "అదీ వర్జ్యంలోనే" అని ఒక మాట కలిపాడు. బడిలో పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నదాన్ని అలాగే వదిలేసి వెళ్ళాను. నేను వెళ్ళేసరికి పంతులుగారు పంచాంగం తిరగేసి, నక్షత్రం కూడా చెడ్డదే, ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలని చెప్పేశాడు. బతికినన్నాళ్ళూ పంచాంగానికి ఎదురు నడిచిన మనిషి చివరికి దానికి దొరికిపోయాడని ఊరంతా లోపల్లోపల సంతోషించింది. సంతోషం అన్న మాట తెలిసే రాస్తున్నాను. ఆ మొహాలు నేను చూశాను.

ఆయన మా మామగారికి అన్న, మా ఆయనకి పెదనాన్న. వయసులో ఉండగా విశాఖపట్నం హార్బరులో లాంచీ మీద ఇంజను డ్రైవరుగా చేసి, పెళ్ళాం పోయాక ఊరు చేరాడు. మా ఊరు వంశధార సముద్రంలో కలిసే మొగకి దగ్గర. పొలాలు ఇవతల, సంతా బస్సూ అవతల. గోగునార మోపులూ మిరపకాయ బస్తాలూ నాటుపడవల మీద దాటించుకునే కాలం పోయి, పెద్ద రేవుల్లో వాడి వదిలేసిన మోటారు బోట్లు మా వైపు రావడం మొదలైంది. కొత్తది కొనే తాహతు ఎవరికీ లేదు. పాతది కొనాలంటే ఇంజను చూడాలి, ఇంజను చూడాలంటే మా పెదమావని పిలవాలి, పిలిచాక ఆయన పెట్టే పేచీ పడాలి.

పేచీ ఏమిటంటే, ఆయన వర్జ్యంలో తప్ప బయల్దేరడు. ఎవరైనా మంచిరోజు చూసుకుని, ఆకూ వక్కా పట్టుకుని పిలవడానికి వస్తే పంచాంగం తెమ్మనేవాడు. అందులో వర్జ్యం ఎప్పుడుందో వాళ్ళ చేతే చదివించి "అద్దీ, అప్పుడెల్దాం" అనేవాడు. వచ్చినవాళ్ళకి గుండె జారిపోయేది.

"ముహూర్తం మనకే కాదురా, అమ్మీవోడికీ తెలుస్తాది. పంతులు పది గంటలన్నాడంటే ఆడు తొమ్మిదికే ఇంజను ఏడెక్కించి ఉంచుతాడు. వర్జ్యంలో ఎల్లు. ఆడు పళ్ళు తోంకుంటా ఉంటాడు. ఇంజనూ ఉన్నదున్నట్టుగుంటాది."

కళింగపట్నంలో ఒకసారి ఆయన ఇంజను చూడటం నేను కళ్ళారా చూశాను. అప్పటికి నేను కొత్త కోడల్ని, చుట్టాలింటికి వెళ్తూ, బోటు చూపించడానికి ఆయన్ని తీసుకెళ్తున్నవాళ్ళతో కలిసి వెళ్ళాను. బోటు ఎక్కగానే ఎవర్నీ పలకరించకుండా ఇంజను నెత్తి మీద అరచెయ్యి పెట్టాడు, పిల్లలకి జ్వరం చూసినట్టు. వెచ్చగా ఉంటే అక్కణ్ణుంచి అక్కడే వెనక్కి తిరిగి వచ్చేస్తాడట. ఆ రోజు చల్లగా ఉంది. కొత్తగా వేసిన రంగుని గోటితో గీకి, కింద ఉప్పు పొక్కులున్నాయేమో చూశాడు. ఆయిలు వేలికి రాసుకుని చూశాడు. చిక్కటి కొత్త ఆయిలు పోస్తే అరిగిన ఇంజను కూడా నోరు మూసుకుని ఉంటుందట. తర్వాత హ్యాండిలు తిప్పాడు. అది ఎదురు తన్నాలి, తన్నితేనే లోపల దమ్మున్నట్టు.

"తన్నే ఆవుని కొనకూడదంటారు కదా మావా" అన్నాను ఊరుకోలేక.

"ఆవుకి తన్నకపోతే మంచిగుణం కోడలా. ఇంజను తన్నకపోతే సచ్చిందని" అన్నాడు.

ఆపైన బస్తాలు ఎక్కించి ఏటికి ఎదురు తోలమన్నాడు. ఒడ్డుకి కట్టేసి తిప్పితే ఏ ఇంజనైనా పాటలు పాడుతుందట. బోటు మీదే కుంపటి పెట్టించి, ఎసట్లో బియ్యం పోయించి, అన్నం ఉడికేదాకా నడిపించాడు. తర్వాత ఇంజను ఆపించి అందరం తీరిగ్గా తిన్నాం. చేతులు కడుక్కుని, బాగా చల్లారాక మళ్ళీ లేపమన్నాడు. "సల్లగున్నప్పుడు లెగిసిందే ఇంజను. ఏడి మీద ఎవుడైనా లెగుస్తాడు." ఆ బోటు కొనమని చెప్పాడు. అది ఇప్పటికీ తిరుగుతోంది.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యడానికి ఇదంతా రాయడం లేదు. నోరు మంచిది కాదు. అడ్డచుట్ట తాగేవాడు, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. అదేంటంటే "డీజిలు కాడ నిప్పు బయటెట్టకూడదు" అని నవ్వేవాడు. ఆ చుట్ట తియ్యకుండానే తిట్టేవాడు. తప్పులూ చేశాడు. చెయ్యి పెడితే వెచ్చగా ఉందని ఒక పచ్చరంగు బోటు వద్దంటే, దాన్ని పక్క ఊరివాళ్ళు కొనుక్కున్నారు. నిజంగానే అది పొద్దున ఒక ట్రిప్పు వేసి వచ్చిన మంచి ఇంజనేనట. అది మా రేవు ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా జనం "ముసలోడా, నీ పచ్చబోటు ఎల్తన్నాది సూడు" అని కేకలు వేసేవాళ్ళు. "ఎల్లనీ, నాకేటి నొప్పి" అనేవాడు గానీ నొప్పి ఉండేది. ఆ పచ్చబోటు ఆయన మాటకి విలువ తీసేసింది. సరిగ్గా అప్పుడే మా ఇంట్లో బోటు కొనాలన్న ఆలోచన పుట్టింది.

బోటు భీమిలి దగ్గర ఉంది. వర్జ్యంలో ముందు తను ఒక్కడే వెళ్ళి చూసి వస్తానన్నాడు పెదమావ. మా అత్త ఒప్పుకోలేదు. "శుభమా అని కొనుక్కుంటంటే నీ వర్జ్యం మొహం అడ్డెట్టకు బావా" అని ఆయన మొహం మీదే అంది. మా ఆయనా మరిదీ కలిసి పంతులుగారు పెట్టిన ముహూర్తానికి కొబ్బరికాయతో సహా బస్సెక్కి వెళ్ళారు. అమ్మేవాళ్ళు ఎదురొచ్చి మర్యాదలు చేశారు. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. రాత్రి భోజనాల దగ్గర మా ఆయన అదే పనిగా చెప్పుకుంటూ పోతుంటే పెదమావ ఒక్కటే అడిగాడు.

"సెయ్యెట్టి సూసినావా?"

"ఎచ్చగానే ఉన్నాది పెదనానా. పొద్దున్నే ఓ ట్రిప్పేసినారంట. నీ పచ్చబోటు లాగే" అన్నాడు మా ఆయన. అందరం నవ్వాం. పెదమావ సగం అన్నం వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

బోటు ఊరికొచ్చిన మొదటి పొద్దునే సంగతి తేలిపోయింది. చల్లబడితే లేచేది కాదు. గుడ్డపేలికకి నిప్పంటించి గాలి పీల్చేచోట పట్టుకోవాలి, ఇద్దరు హ్యాండిలు తిప్పాలి. ఆ కిటుకు నేర్పినవాడూ పెదమావే. "నే సెప్పలేదేటి" అని ఒక్కసారైనా అనలేదు. ఒక్కటి మాత్రం మా ఆయనకి రోజూ చెప్పేవాడు: అవతల రేవులో ఎంతసేపాగినా ఇంజను ఆపకు. డీజిలు దండగని మరిది ఆపమనేవాడు.

శ్రావణమాసంలో వరద వచ్చింది. మా ఆయన జనాన్ని అవతల దింపి, వాన తగ్గేదాకా బోటు గుంజకి కట్టి, ఇంజను ఆపి, దాంట్లోనే కూర్చున్నాడు. వరద పోటుకి గుంజ ఊడిపోయింది. ఇవతలి గట్టు మీద నుంచి మేము చూస్తూనే ఉన్నాం. ఆయన వంగి హ్యాండిలు తిప్పుతున్నాడు, నడుం ఎత్తుతున్నాడు, మళ్ళీ వంగుతున్నాడు. ఇంజను చల్లారిపోయింది, పేలికలు తడిసిపోయాయి. పెదమావ గొంతు పోయేలా "దూకీరా, వొగ్గీసి దూకీ" అని అరుస్తూ గట్టెంట పరిగెత్తాడు. వానలో ఆ మాట చేరలేదు. బోటు మొగ దాటి అలల్లో తిరగబడింది.

శవం ఇంటికి వచ్చినప్పుడు మా అత్త పెదమావని గుమ్మం ఎక్కనివ్వలేదు. "నీ నోరు తగిలే నా కొడుకు సచ్చినాడు" అంది. ఊరంతా అదే అంది. ఆయన వీధిలో వానలో నిలబడ్డాడు. వేడి ఇంజను అమ్మినవాణ్ణి ఎవరూ ఒక్క మాట అనలేదు. చల్లటి ఇంజను చూడమన్నవాడికి మాత్రం హంతకుడని పేరొచ్చింది. నాకు ఆ మాట తలుచుకుంటే ఇవాళ్టికీ ఒళ్ళు మండుతుంది.

నన్ను టీచరు ట్రైనింగులో చేర్చినవాడు ఆయనే. అమావాస్య నాడు, వర్జ్యం చూసి మరీ, శ్రీకాకుళం తీసుకెళ్ళాడు. "ఇయ్యేల ఆఫీసుల్లో ఈగలు తోలుకుంటారు, మన పని సిటికెలో అవుతాది" అన్నాడు. అన్నట్టే అయింది. బస్సులో తిరిగొస్తూ అడ్డచుట్ట తీసి, "ఇంజను లెగకపోతే తోలీవోడి తప్పు కాదు కోడలా" అన్నాడు. మా ఆయన గురించి నాతో ఆయన అన్న ఓదార్పు మాట ఇదొక్కటే, నాకు అది చాలింది.

వరద తీశాక ఇసకదిబ్బలో ఇంజను దొరికితే, దాన్ని మనుషుల చేత ఈడ్పించి తన పశువుల సాలలో పడేయించుకున్నాడు. అమ్ముదామని మరిది ఎన్నోసార్లు బేరాలు తెచ్చాడు. వచ్చిన ప్రతివాడికీ పెదమావ గుమ్మంలోనే చెప్పేవాడు: "ఇది మావోణ్ణి తినీసిన ఇంజను. మీకూ కావాలేటి?" వాళ్ళు మంచినీళ్ళయినా తాగకుండా పోయేవాళ్ళు. తమ్ముడి కొడుకు నోటికాడ కూడు తీస్తున్నాడని దానికీ తిట్టారు.

ఆయన దినవారం నాడు భోజనాలకి అందరూ వచ్చారు. పచ్చబోటు పేరెత్తి కేకలేసిన వాళ్ళే వడ్డన మధ్యలో "మహానుభావుడు" అన్నారు. విస్తరి ముందు కూర్చుని ఎవరైనా ఏదైనా అంటారు. ఇల్లు పాడుపెట్టాలి కదా, సాల ఖాళీ చెయ్యాలి కదా అని మరిది ఇంజను బయటికి తీయించి, మెకానిక్కు చేత విప్పించి కడిగించి, రంగు వేయించాడు. భావనపాడు వైపు నుంచి కొత్తగా పెళ్ళయిన కుర్రాడెవరో బేరం కుదుర్చుకున్నాడు. ముహూర్తం పెట్టుకున్నారు.

ఆ పొద్దున్నే ఇంజను చప్పుడు వినబడింది. పెరట్లోకి వెళ్ళి చెయ్యి పెట్టి చూశాను. కాలింది.

"వాళ్ళకి చెప్పకుండా అమ్ముతావా?" అన్నాను.

"నీకేటి తెలుసు వొదినా. పెళ్ళాన్ని కూడా తెస్తన్నాడు, కొబ్బరికాయ కొట్టించడానికి. శుభమా అని వొస్తన్నోళ్ళకి నువ్వు ఎదురు పడకు. ఆళ్ళెల్లినదాకా లోపలుండు" అన్నాడు మరిది.

వాళ్ళకి నిజం చెబుదామనే అనుకున్నాను. కానీ ఆ నిజం మా ఇంట్లో వేళకే చెప్పాడు పెదమావ. ఎవరు విన్నారు? మరిది చెప్పిన మాటే నాకు దారి చూపించింది. బొట్టు లేని మొహంతో, వట్టి బిందె చంకన పెట్టుకుని, దొడ్డిదారిన గట్టు మీదికి వెళ్ళి, వాళ్ళు వస్తున్న దారికి సరిగ్గా నడిమధ్యన ఎదురు నడిచాను.

కుర్రాడు సైకిలు ఆపేశాడు. వెనక నడిచొస్తున్న పిల్ల "ఓలమ్మ, ఇదెక్కడి సకునం" అని ఉమ్మేసింది. నా మొహానే ముండమోపి అంది. నేను పక్కకి జరగలేదు. వాడు కాసేపు మా ఇంటి వైపు, కాసేపు నా వైపు చూసి, సైకిలు వెనక్కి తిప్పాడు. ఇంకో ముహూర్తానికి వస్తారేమో, వస్తే మళ్ళీ ఎదురొస్తాను. ఎండ ఎక్కింది. ఆ పిల్ల కొట్టని కొబ్బరికాయ చంకన పెట్టుకుని, నన్ను తిడుతూనే, పైట చెంగుతో మొహాన చెమట తుడుచుకుంది. బొట్టు చెరగకుండా, దాని చుట్టూ మాత్రమే తుడుచుకుని, మొగుడి వెనకాల గట్టెంట వెళ్ళిపోయింది.