ఇస్త్రీ వాసన

ఒహాయోలో నెలకోసారి ఫైర్ స్టేషన్ హాల్లో జరిగే పాత నోట్ల సంతకు హార్లన్ తన భార్య వెర్నాను కూడా ఈడ్చుకొస్తాడు. వందేళ్లనాటి డాలరు నోట్లు, అవీ నలిగి నలిగి గుడ్డపీలికల్లా మెత్తబడ్డవే అతనికి కావాలి. కరకరలాడేది ఊరికే ఇచ్చినా ముట్టడు. ఒక్కోదాన్నీ దీపానికెత్తి, భూతద్దంతో మడతలు చూసి, చివరికి వాసన పీలుస్తాడు. గంట నుంచీ వెర్నా కోటైనా విప్పకుండా నిలబడే ఉంది. ఈసారి నోటు ముక్కు దగ్గరికి రాగానే అతను మొహం చిట్లించాడు.

"దీన్ని తడిపి ఇస్త్రీ చేశారు. మడతలు పోయాక ఇంకేముంది ఇందులో? నాకొద్దు."

"ఏం ముక్కయ్యా నీది," అంటూ దుకాణదారు విసుగ్గా నోటు లాక్కున్నాడు.

"ముక్కుకేం," అంది వెర్నా. "నలభై ఏళ్లుగా ఈయనగారి చొక్కాలు నేనే ఇస్త్రీ చేస్తున్నా. ఆ వాసన మాత్రం దానికి ఒక్కనాడూ తగల్లేదు."